సిగార్‌కు తోడుగా కోట్ డ్యు రోన్: నాలుగేళ్ల తరువాత

నెలకు ఒక శనివారం సాయంత్రం ఒక సిగార్, ఒక గ్లాసు ఎర్ర వైను. ఫ్రాన్స్‌లోని లియోన్‌కు వచ్చిన కొత్తలో పెట్టుకున్న అలవాటు ఇది. ఈ నాలుగేళ్లలో ఎన్నో సీసాలు మార్చి చూశాను. చివరికి నిలిచింది గిగాల్ వారి ఎర్ర కోట్ డ్యు రోన్, అంటే రోన్ నది లోయ వైను. మా వీధి దుకాణంలో 10 నుంచి 12 యూరోలకు దొరుకుతుంది.

మొదట్లో ఫ్రాన్స్‌లోనే మరో ప్రాంతపు వైను, బోర్డో కొనేవాణ్ణి. కాబర్నే సోవిన్యోన్ అనే ద్రాక్ష వాటా ఎక్కువగా ఉండి, ఇంకా ఏళ్లు నిలవ చేయని బోర్డో తాగితే, దోర నేరేడు కాయ కొరికినట్టు నాలుకంతా వగరు పట్టేస్తుంది. వైనులో వగరునిచ్చే టానిన్లనే పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేయడమే దీనికి కారణం. నోటిని ఎండగట్టే గుణం పొగకూ ఉంది. రెండూ తోడైతే సిగార్ సగం కాలేసరికే నోరు పిడచకట్టుకుపోతుంది. సిగార్ పక్కన వైనుకు కావలసింది పండు రుచి, తక్కువ వగరు. ఇది తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

గిగాల్ 1946లో ఆంపుయి గ్రామంలో మొదలైన సంస్థ. లియోన్‌కు దక్షిణంగా, రోన్ నది ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. ఈ వైనులో గ్రెనాష్, సిరా, మూర్వెద్ర్ ద్రాక్షలు కలుస్తాయి. గ్రెనాష్ మాగిన పండు రుచిని ఇస్తే, సిరా మిరియాల ఘాటును తెస్తుంది. నాకు ప్రాణం ఆ మిరియాల ఘాటే. సిగార్ పొగలోనూ అదే ఛాయ ఉంటుంది కాబట్టి ఒకదాని రుచి రెండోదానిలోకి సాగుతుంది.

అయితే సిగార్‌ను చూసి ఎంచుకోవాలి. పైన కనెటికట్ రకం లేత రంగు పొగాకు ఆకు చుట్టిన డొమినికన్ సిగార్‌తో ఈ వైను చక్కగా కుదురుతుంది. ఘాటైన నికరాగువా సిగార్ ముందు నీళ్లలా తేలిపోతుంది. మా తాతయ్య గోదావరి లంక పొగాకుతో చుట్టిన చుట్టలు కాల్చేవారు. ఒకసారి ఊరి నుంచి తెచ్చుకున్న అలాంటి చుట్టతోనూ ప్రయత్నించాను. రెండు దమ్ములకే వైను రుచి మాయమైపోయింది. ఆ చుట్టను విడిగా కాల్చడమే దానికి మర్యాద.

వైను చల్లదనం కూడా ముఖ్యం. వేసవిలో గది వేడికి తాగితే మద్యం ఘాటే ముందు ముక్కుకు తగులుతుంది. అరగంట ఫ్రిజ్‌లో ఉంచి 16 డిగ్రీల దగ్గర పోసుకుంటే పండు రుచి తేటగా తెలుస్తుంది. ఒక దుకాణంలో కిటికీ ఎండలో నిలబెట్టిన సీసా కొని నష్టపోయాను. అది ఉడికిన పండులా ఉంది. అప్పటి నుంచి వెలుతురు పడని అరలో ఉన్నదే తీసుకుంటున్నాను.

పొగ వదిలాక రెండు మూడు క్షణాలు ఆగి గుక్క వేయండి. సిగార్ చివరి మూడో వంతులో చేదు పెరిగి, వైను ఇనుము నాకినట్టు అనిపిస్తుంది. అక్కడ గ్లాసు పక్కన పెట్టి మంచినీళ్లు తాగుతాను. మిగిలిన సీసాకు బిరడా బిగించి ఫ్రిజ్‌లో ఉంచితే ఆదివారం వేట మాంసం కూరతో ఇంకా బాగుంటుంది.