మాల్టా సంఘపు చాప్లిన్లు: రెండు మార్గాలు

రోమ్‌లోని వియా కొండోట్టి వీధిలో కేంద్రం గల మాల్టా సంఘం అనే కాథలిక్ సంస్థలో అత్యధికులు గృహస్థులే కనుక, వారి ఆధ్యాత్మిక పోషణకు చాప్లిన్లు అనే గురువులు (కాథలిక్ పురోహితులు) అవసరమవుతారు. వారిలో కొద్దిమంది పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే వ్రతాలు స్వీకరించి, జీవితాన్ని సంఘానికే అర్పించే కాన్వెంచువల్ చాప్లిన్లు. మజిస్ట్రల్ చాప్లిన్లు మాత్రం తమ మేత్రాసనంలోనే (బిషప్పు పాలించే ప్రాంతంలోనే) కొనసాగుతారు. వారి బదిలీ, పదోన్నతి బిషప్పు చేతిలోనే ఉంటాయి, సంఘసేవ విచారణ (స్థానిక చర్చి సమాజం) పనుల మధ్య దొరికిన వేళల్లో సాగుతుంది.

ఏటా మే నెలలో జరిగే, ఫ్రాన్స్‌లోని లూర్దు పుణ్యక్షేత్ర యాత్రలో చక్రాల కుర్చీ పక్కన కూర్చుని, రోగి పాపసంకీర్తనాన్ని వంగి వినే గురువు ఏ వర్గంవాడో చూసేవారికి తెలియదు. అయినా సభ్యులకు ఏళ్లతరబడి తోడుండటానికి మొదటి మార్గమే మేలని నా అభిప్రాయం. విచారణ బాధ్యతను ప్రాణంగా భావించే గురువుకు రెండోదే తగినది.