డాస్‌లో మెమ్‌మేకర్: ఏళ్ల తరబడి వాడిన తర్వాత

1993లో ఎంఎస్-డాస్ 6 ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు వచ్చిన మెమ్‌మేకర్‌ను, అంటే పరికరాలను నడిపే డ్రైవర్లను మెమరీలో పక్కకు జరిపి ప్రోగ్రాములకు ఎక్కువ జాగా మిగిల్చే సాధనాన్ని, నేను 386, 486 యంత్రాల మీద ఏళ్ల తరబడి వాడాను. ఇంట్లో ఇప్పటికీ నడుస్తున్న పాత 486లో డ్రైవర్లు మారినప్పుడల్లా దాన్నే నడుపుతాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: లెక్క కట్టడంలో దీనికి వంక పెట్టలేము, కానీ డ్రైవర్ల వరుసను ఇది ముట్టుకోదు. ఆ వరుసను ముందుగా సరిచేసుకున్న వారికే దీని పూర్తి ఫలితం దక్కుతుంది.

8088 ప్రాసెసర్‌కు 20 అడ్రస్ లైన్లే ఉండటం వల్ల అది 1 ఎంబీకి మించి చూడలేదు. అందులో 640 కేబీని ఐబీఎం ప్రోగ్రాములకు వదిలి, మిగిలిన 384 కేబీని వీడియోకు, రోమ్ (చెరగని మెమరీ) ఉన్న కార్డులకు, యంత్రాన్ని మొదలుపెట్టే బయాస్‌కు కేటాయించింది. తర్వాతి యంత్రాల్లో 4 ఎంబీ, 8 ఎంబీ ర్యామ్ ఉన్నా మామూలు డాస్ ప్రోగ్రాముకు దక్కేది ఆ 640లోనే. మా ఆఫీసు యంత్రాల్లో నెట్‌వేర్ అనే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ కోసం ఎల్ఎస్ఎల్, కార్డు డ్రైవరు, ఐపీఎక్స్‌ఓడీఐ, నెట్‌ఎక్స్ అనే ప్రోగ్రాములు వరుసగా మెమరీలోకి ఎక్కేవి. వాటికి మౌస్, సీడీ డ్రైవర్లు తోడయ్యేసరికి ఫాక్స్‌ప్రో డేటాబేస్‌లో పెద్ద రిపోర్టు తీయబోతే మెమరీ చాలదన్న సందేశం కనిపించేది.

దీనికి విరుగుడు 386 ప్రాసెసర్‌లోనే ఉంది. హైమెమ్ అనే డ్రైవరు ఎక్కాక డాస్‌ను 1 ఎంబీకి పైన మొదలయ్యే హై మెమరీలోకి పంపితే 45 కేబీ దాకా ఖాళీ అవుతుంది. ఇది 286 మీద కూడా పని చేస్తుంది. ఆపైన ఈఎంఎం386 అనే డ్రైవరు ఎక్కితే, 384 కేబీ ప్రాంతంలో ఎవరూ వాడని అడ్రసుల వెనుక అది ఎక్స్‌టెండెడ్ మెమరీని (1 ఎంబీకి పైనున్న ర్యామ్‌ను) అమర్చుతుంది. డ్రైవర్లను ఆ చోటికి పంపడమే పైన ఎక్కించడం, 640 కేబీలోనే ఉంచడం కింద ఉంచడం. వీజీఏ వీడియో కార్డు బయాస్ సీ7ఎఫ్ఎఫ్ అడ్రసు (ఇవన్నీ హెక్సాడెసిమల్ అంకెలు) వరకు, సిస్టమ్ బయాస్ ఎఫ్000 నుంచి ఉన్న యంత్రంలో మధ్యన 160 కేబీ దొరుకుతుంది. ఎక్స్‌పాండెడ్ మెమరీ (ఒక కిటికీ గుండా ముక్కలుగా కనిపించే అదనపు మెమరీ) కావాలంటే అందులో 64 కేబీ ఆ కిటికీకి, అంటే పేజీ ఫ్రేముకు పోతుంది. అది అడిగే ప్రోగ్రాము లేనప్పుడు ఈఎంఎం386కు నోఈఎంఎస్ (ఎక్స్‌పాండెడ్ వద్దు) అని పెట్టుకోవడమే మేలని నా అనుభవం.

మెమ్‌మేకర్ నిజంగా విలువైన పని చేసేది డ్రైవర్ల సైజు కొలవడంలో. యంత్రాన్ని రీస్టార్ట్ చేసి, ప్రతి డ్రైవరు ఎక్కేటప్పుడు ఎంత జాగా అడుగుతోందో, ఎక్కాక ఎంత ఉంచుకుంటోందో సైజర్ అనే చిన్న ప్రోగ్రాముతో పట్టుకుంటుంది. ఈ రెండు అంకెలూ మెమ్‌మేకర్ డాట్ ఎస్‌టీఎస్ ఫైలులో మ్యాక్స్‌సైజ్, ఫైనల్‌సైజ్ అన్న పేర్లతో నమోదవుతాయి. ఆ ఫైలును తెరిచి చదవమని ప్రతి ఒక్కరికీ చెబుతాను. పాత ప్రోగ్రాములకు అవి కోరే డాస్ వెర్షన్ నంబరు చూపే సెట్‌వర్ సంగతే చూడండి. ఎక్కాక అది ఉంచుకునేది ఒక కేబీ లోపే, కానీ డ్రైవర్ల జాబితా ఉండే కాన్ఫిగ్ ఫైలులో దాని లైనులో మెమ్‌మేకర్ రాసే అంకె 12048 బైట్లు. అంటే పది కేబీ ఖాళీ మాత్రమే మిగిలాక దాని వంతు వస్తే అది పైన పట్టక కిందికే దిగుతుంది. అదే సెట్‌వర్‌ను మొదట ఎక్కిస్తే పైన దాదాపు జాగా తీసుకోనట్టే. అందువల్ల ఎక్కేటప్పుడు ఎక్కువ అడిగే డ్రైవర్లను, పైన ఖాళీ చెదరకుండా ఉన్నప్పుడే, కాన్ఫిగ్ ఫైలులో ముందు పెట్టాలి. మెమ్‌మేకర్ ఎన్ని కూర్పులు పరీక్షించినా మీరు రాసిన వరుసలోనే పరీక్షిస్తుంది. చేత్తో వరుస మార్చి మళ్ళీ నడిపినప్పుడు, అంతకు ముందు కింద మిగిలిపోయిన డ్రైవరు పైకి వెళ్ళడం నేను పదే పదే చూశాను.

నెట్‌వర్క్ కార్డుల దగ్గర మాత్రం దీన్ని గుడ్డిగా నమ్మకూడదు. కొన్ని కార్డులకు సొంత ర్యామ్ డీ000 దగ్గర ఉంటుంది, అయితే డ్రైవరు ఎక్కేదాకా అది మేలుకోదు. ఆ చోటు ఖాళీ అనుకుని ఈఎంఎం386 ఆక్రమిస్తుంది. డ్రైవరు ఏ ఫిర్యాదూ లేకుండా ఎక్కుతుంది, సర్వర్ మాత్రం కనబడదు. డీ000 నుంచి డీ3ఎఫ్ఎఫ్ వరకు మినహాయించమని ఈఎంఎం386 లైనులో ముందే రాసి, కస్టమ్ పద్ధతిలో పాత మినహాయింపులను ఉంచమంటే ఈ చిక్కు తీరుతుంది. ఖాళీ కోసం పై ప్రాంతాన్ని మరింత లోతుగా వెతికించే హైస్కాన్ జోలికి వెళ్ళకపోవడమే మంచిది, కొన్ని యంత్రాలు దానితో బిగుసుకుపోతాయి. మోనోక్రోమ్ ప్రాంతమైన బీ000 నుంచి 32 కేబీ మాత్రం వీజీఏ యంత్రాల్లో చాలావరకు నిక్షేపంగా వాడుకోవచ్చు.

క్వార్టర్‌డెక్ కంపెనీ వారి క్యూఈఎంఎం అనే పోటీ మెమరీ ప్రోగ్రాము స్టెల్త్ పద్ధతితో రోమ్ అడ్రసులను కూడా వాడుకుని ఇంతకంటే ఎక్కువే ఇచ్చేది, కానీ దాన్ని విడిగా కొనాలి, పైగా అన్ని యంత్రాలకూ స్టెల్త్ పడేది కాదు. మెమ్‌మేకర్‌లో నన్ను ఇబ్బంది పెట్టిన లోటు మరొకటి: కాన్ఫిగ్ ఫైలులో బూట్ మెనూ ఉంటే ఇది సరిగ్గా పని చేయదు, ఒక్కో కూర్పును విడి ఫైలుగా తీసి నడిపి, ఫలితాన్ని తిరిగి మెనూలో చేర్చాలి. తేడా వస్తే అన్‌డూ ఇస్తే చాలు, పాత ఫైళ్ళు తిరిగి వస్తాయి. ఇది రాసే అంకెలు ఆ డ్రైవరు వెర్షన్‌కే చెల్లుతాయి కనుక, డ్రైవరు మార్చినప్పుడల్లా దీన్ని మరోసారి నడిపి, మెమ్ స్లాష్ సీ ఆదేశంతో ఏది ఎక్కడ కూర్చుందో సరిచూసుకోవాలి.