మొదటి టోపీ కోసం లండన్, మిలాన్, అలెస్సాండ్రియా

"యూరప్ వెళ్తున్నాం కదా, ఒక మంచి టోపీ కొనుక్కుంటాను" అన్నాను. "కొనుక్కోవడం ఎందుకండీ? అంత దూరం వెళ్తే వాళ్లే పెడతారుగా" అంది మా ఆవిడ.

కౌబాయ్ కృష్ణను చూసి ఈలలు వేసిన తరం నాది. కానీ నా కోరిక ఆ టోపీ కాదు. సూటు మీదకు పెట్టుకునేది, మెత్తటి ఫెల్టుతో చేసి చుట్టూ రిబ్బన్ కట్టినది, ఫెడోరా అంటారే, అది. యాభై నాలుగేళ్లొచ్చినా తల మీద నిజమైన టోపీ పెట్టుకున్న అనుభవం లేదు. హైదరాబాద్‌లో మాల్ నుంచి తెచ్చిన ఒక టోపీ మొదటి వానకే అప్పడంలా వంకర్లు పోయింది. ఈసారి తయారయ్యే చోటికే వెళ్లి, తెలుసుకుని కొనాలనుకున్నాను. 2024 నవంబరులో పదకొండు రోజుల ప్రయాణం: లండన్‌లో నాలుగు, మిలాన్‌లో ఆరు, మధ్యలో ఒక రాత్రి ఇటలీలోని టోపీల ఊరు అలెస్సాండ్రియాలో.

లండన్‌లో బస గురించి ఎక్కువ చెప్పను. పాడింగ్టన్ దగ్గర ఒక హోటల్, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పెట్టెలు మోయించి, టిఫినుకు వేరే డబ్బు తీసుకుని, చల్లటి టోస్టు పెట్టారు. మళ్లీ వెళితే ఈస్ట్ హామ్‌లో దిగుతాను. ఊరి నడిబొడ్డుకు రైల్లో కాస్త ఎక్కువ సేపు పడుతుంది, నిజమే, కానీ పొద్దున్నే ఇడ్లీ దొరుకుతుంది.

గ్రీన్ పార్క్ స్టేషన్‌లో దిగి నడిస్తే సెయింట్ జేమ్స్ స్ట్రీట్. ఆరో నంబరు ఇల్లు లాక్ అండ్ కో అనే టోపీల అంగడి. 1676లో మొదలైన వ్యాపారం, 1765 నుంచి ఇదే భవనంలో ఉంది. మన దగ్గర గోల్కొండలో కుతుబ్‌షాహీలు ఏలుతుండగా వీళ్లు ఇక్కడ టోపీలు అమ్ముతున్నారన్నమాట. ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళపతి నెల్సన్ పెట్టుకున్న టోపీ వీళ్లు చేసిందే. కంటికి అడ్డంగా అందులోనే ఒక పచ్చ తెర కుట్టించుకున్నాడట. బౌలర్ టోపీ కథ కూడా ఇక్కడిదే. 1849లో ఎడ్వర్డ్ కోక్ అనే ఆయన, గుర్రాల మీద తిరిగే తమ కుటుంబ ఎస్టేటు కాపలాదారుల పొడుగు టోపీలు కొమ్మలకు తగిలి పడిపోతున్నాయని, గట్టిగా, పొట్టిగా ఉండేది చేయమన్నాడు. తయారయ్యాక షాపు బయట నేల మీద పెట్టి కాలితో తొక్కి చూసి, చెక్కు చెదరలేదని తేలాకే పన్నెండు షిల్లింగులు చెల్లించాడట. మా నాన్న బిందెలు కొనేటప్పుడు వేళ్లతో కొట్టి చూసేవారు, అదే పద్ధతి.

నేను దేన్నీ తొక్కలేదు. తల కొలత తీయించుకున్నాను: చెవులకు కాస్త పైన, నుదుటి మధ్య నుంచి చుట్టూ 58 సెంటీమీటర్లు. బ్రిటిష్ లెక్కలో అది 7⅛, అమెరికన్ లెక్కలో 7¼. డాలస్‌లో ఉన్న మా తమ్ముడి టోపీ నంబరు చూసుకుని లండన్‌లో కొంటే ఒక సైజు పెద్దది వస్తుంది. ఇటలీలో ఈ గొడవ లేదు, తిన్నగా సెంటీమీటర్లే. చుట్టుకొలత ఒక్కటే చాలదని కూడా ఇక్కడే తెలిసింది. కన్ఫార్మేటర్ అని ఒక పరికరం ఉంది, చూడటానికి టైప్‌రైటర్ ముక్కలతో చేసిన కిరీటంలా ఉంటుంది. తల మీద పెడితే మన తల ఆకారాన్ని చిన్న కాగితం మీద సూదులతో గుచ్చి చూపిస్తుంది. గట్టి టోపీలకే అది అవసరం. మెత్తటి ఫెల్టుకు ఆవిరి పట్టి సర్దేయవచ్చు. నాది ముందు నుంచి వెనక్కి పొడుగు తల అని తేలింది. చిన్నప్పుడు కొబ్బరికాయ అని ఏడిపించినవాళ్లది తప్పేం కాదు.

అక్కడి పెద్దమనిషి సేవ బాగా నచ్చింది. ట్రిల్బీ అనే సన్న అంచు టోపీ ఒకటి నేను ముచ్చటపడి పెట్టుకుంటే, తల అడ్డంగా ఊపి, "భుజాలు వెడల్పు, అంచు చిన్నది" అన్నాడు. కొంటానన్నవాణ్ణి వద్దన్న అమ్మకందారు అరుదు. కొనలేదు మాత్రం. నాకు నచ్చినదాని ధర మూడు వందల పౌండ్లు దాటింది. పైగా 2021 జనవరి నుంచి బ్రిటన్‌లో పర్యాటకులు షాపులో కొని చేత్తో తీసుకెళ్లే వస్తువులకు వ్యాట్ వాపసు లేదు. ఇటలీలో ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి కనీస బిల్లు 70 యూరోలు దాటితే చాలు. ఆ పక్కనే జెర్మిన్ స్ట్రీట్‌లో బేట్స్ అనే ఇంకో పాత టోపీల అంగడి ఉంది. 1921లో అందులోకి చొరబడి అక్కడే బతికిన బింక్స్ అనే పిల్లిని, చనిపోయాక నెత్తిన టోపీ, నోట్లో చుట్ట పెట్టి గాజుపెట్టెలో ఉంచారు. మా ఆవిడకు లండన్ మొత్తంలో నచ్చింది అదొక్కటే.

మిలాన్‌లో మా మేనల్లుడు పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడు. కాలేజీకి దగ్గరలో వాడు చూసిపెట్టిన చిన్న అపార్ట్‌మెంటులో దిగాం. వంటగది ఉంది, కుక్కరు లేదు. గిన్నెలో అన్నం వార్చుకుని, వెంట తెచ్చుకున్న గోంగూరతో నడిపించేశాం. లండన్ హోటల్‌కు ఇచ్చినదానిలో సగం అద్దె, సుఖం రెట్టింపు.

మొదటి రోజే దుఓమో అనే పెద్ద చర్చి దగ్గర అద్దాలతో మెరిసిపోయే ఒక షాపులోకి వెళ్లి దెబ్బతినబోయాను. 58 లేదని 59 తెచ్చి, లోపల రెండు వేళ్లు దూరుతున్నా "పర్ఫెట్టో" అన్నాడు. ధర 150 యూరోలు, కుందేలు బొచ్చు ఫెల్టు అన్నాడు. మేనల్లుడు లోపలి చీటీ చదివి తెలుగులో "మావయ్యా, ఇది ఉన్ని" అన్నాడు. ఉన్ని ఫెల్టు తప్పేం కాదు, చవగ్గా వస్తుంది. కానీ తడిస్తే ముడుచుకుంటుంది, ఆకారం నిలవదు. హైదరాబాద్‌లో నాకు జరిగింది సరిగ్గా అదే. బొచ్చు ఫెల్టు పలచగా ఉంటుంది, వేలితో రాస్తే జింకచర్మంలా నునుపుగా తగులుతుంది, చినుకులను తట్టుకుంటుంది. ఈ తేడా వేళ్లకు ఒకసారి అలవాటైతే చీటీ అక్కర్లేదు. వేళ్లకు ఆ చదువు నాకు అలెస్సాండ్రియాలో వచ్చింది.

మిలాన్ నుంచి అలెస్సాండ్రియాకు ప్రాంతీయ రైలులో గంటన్నర. ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ మీది యంత్రంలో కాగితం టికెట్టుకు ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. దారంతా వరిపొలాలు, కోసేసిన మళ్లు, మంచు. కోనసీమకు చలివేస్తే ఇలా ఉంటుందేమో అనిపించింది. పర్యాటకులు ఆగే ఊరు కాదిది. 1800లో నెపోలియన్ గెలిచిన మరెంగో యుద్ధభూమి ఇక్కడికి దగ్గరే, ఆ సంగతి తెలిసినవాళ్లు వస్తారు. మిగతావాళ్లు మాలాంటి టోపీ పిచ్చివాళ్లు.

జుసెప్పె బోర్సలీనో 1857లో ఇక్కడ మొదలుపెట్టిన కార్ఖానా ప్రపంచానికి ఫెల్టు టోపీలు పెట్టింది. తెలుగు అర్థంలో కాదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఏడాదికి ఇరవై లక్షల టోపీలు చేసేవారు. ఊళ్లో సగం ఇళ్లలో పొయ్యి ఆ కార్ఖానా కూలితోనే వెలిగేదంటే నమ్ముతాను. ఇప్పుడు తయారీ ఊరి పక్కన స్పినెట్టా మరెంగోకు మారింది. పాత కార్యాలయ భవనంలో 2023లో మ్యూజియం తెరిచారు. అన్ని రోజులూ తెరిచి ఉండదు, చూసుకుని బయలుదేరండి. మేం శనివారం వెళ్లాం.

నాకు ఈ యాత్ర మొత్తంలో గిట్టుబాటు అయిన గంటలు ఇవే. కుందేలు బొచ్చును గాలిలో ఎగరేసి, చిల్లులున్న పెద్ద శంకువు మీదకు పీలుస్తారు. వేడినీళ్లు చల్లితే పోగులు ఒకదానికొకటి పట్టుకుంటాయి. నేత లేదు, కుట్టు లేదు. అలా తయారైన ఫెల్టు శంకువు అప్పుడు చిన్నపిల్లాణ్ణి దాచేంత ఉంటుంది. వేడి, తడి, ఒత్తిడి మళ్లీ మళ్లీ పెట్టి దాన్ని సగానికంటే చిన్నది చేస్తారు. అలా కుదించుకుపోయినకొద్దీ గట్టిపడుతుంది. తర్వాత రంగు, చెక్క అచ్చు మీద సాగదీయడం, గరుకు కాగితంతో నునుపు చేయడం, అంచు కోయడం, లోపల చెమట పట్టీ, బయట రిబ్బన్. యాభైకి పైగా దశలు, ఒక్కో టోపీకి ఏడు వారాలు. ఇదంతా చూశాక మూడు వందల యూరోల చీటీ మీద కోపం కాస్త తగ్గింది.

ఒకప్పుడు ఈ బొచ్చును పాదరసం లవణాలతో శుద్ధి చేసేవారు. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్లకు చేతులు వణికేవి, మతి చలించేది. అమెరికాలో 1941లో గానీ ఆ వాడకం ఆగలేదు. నునుపైన ఫెల్టును నిమురుతుంటే ఇది గుర్తుకొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

రాత్రి స్టేషనుకు దగ్గరలో ఒక కుటుంబం నడిపే బసలో ఉన్నాం. గది చిన్నది, పరుపు మంచిది, ఇంటావిడకు ఇంగ్లీషు రాదు. మేం మాంసం తినమని చేతులతో చెప్తే శనగపిండితో కాల్చిన ఫరినాత అనే అట్టు తెప్పించి పెట్టింది. మా ఆవిడ దాని మీద కారప్పొడి చల్లుకుంది. ఆ ఊరివాళ్లు ఎవరూ చూడలేదనే అనుకుంటాను.

సోమవారం పొద్దున మిలాన్‌లో పోర్తా వెనేత్సియా దగ్గర మేనల్లుడు కనుక్కున్న ఒక పాత టోపీల అంగడికి వెళ్తే తలుపు మూసి ఉంది. ఇటలీలో సోమవారం పూట చాలా చిన్న షాపులు మధ్యాహ్నానికి గానీ తెరవరు. మూడున్నరకు మళ్లీ వెళ్లాం. తెల్లమీసాల ముసలాయన ముందు నన్ను నిలువుటద్దం ఎదురుగా ఓ ఆరడుగులు వెనక్కి నిలబెట్టాడు. చిన్న అద్దంలో ముఖం ఒక్కటే కనపడుతుంది కాబట్టి ప్రతి టోపీ బాగున్నట్టే ఉంటుంది. నిలువెల్లా చూసుకుంటే తెలుస్తుంది, ఐదు సెంటీమీటర్ల అంచు నా భుజాల మీద సీసా మూతలా ఉందని, ఎనిమిదిది గొడుగని. ఆరున్నర దగ్గర కుదిరింది.

రంగు దగ్గర మా ఆవిడ మాటే నెగ్గింది. నలుపు పెడితే "పాత సినిమాలో రాజనాలలా ఉన్నారు" అంది. ముదురు బూడిద రంగు ఖాయమైంది. ముసలాయన ముందుకు వంగమన్నాడు, తల ఊపమన్నాడు, పది నిమిషాలు ఉంచి తీయించి నుదుటి మీద ఎర్రగీత పడిందేమో చూశాడు. పడింది. లోపలికి ఆవిరి పట్టి, నా కొబ్బరికాయ తలకు తగ్గట్టు ముందు వెనకలు కాస్త సాగదీశాడు. రిబ్బన్ ముడి ఎడమవైపు ఉండాలని, ముందున్న నొక్కును పట్టుకుని తీయొద్దని, అంచును పట్టుకోమని, కింద పెట్టేటప్పుడు తలకిందులుగా పెట్టమని చేసి చూపించాడు. నొక్కు పట్టుకుని తీస్తే అక్కడే ముందు చిరుగుతుందట. 240 యూరోలు. డబ్బు తీసుకున్నాక రెండు సన్నటి స్పాంజి పట్టీలు పెట్టెలో వేసి, జుట్టు కత్తిరించుకున్నట్టు వేళ్లతో సైగ చేశాడు. నాకప్పుడు అర్థం కాలేదు.

మిలాన్ మాల్పెన్సా విమానాశ్రయంలో వ్యాట్ వాపసు కోసం కస్టమ్స్ దగ్గర వస్తువు, బిల్లు చూపించాలి. వాడని కొత్త వస్తువులా ఉండాలి, అందుకే నెత్తిన పెట్టుకోకుండా పెట్టెలోనే ఉంచాను. ఇటలీ వ్యాట్ 22 శాతం కదా, చాలా వస్తుందనుకుంటే మధ్యవర్తి కంపెనీ తన వాటా తీసుకోగా చేతికొచ్చింది 30 యూరోల లోపే. తిరిగొచ్చే విమానంలో తల పైనున్న అరలో ఎవరో నా పెట్టె మీద ట్రాలీ తోశారు. టోపీ లోపల మేజోళ్లు కుక్కి ఉంచాను గనుక బతికింది.

హైదరాబాద్‌లో ఈ టోపీకి డిసెంబరు, జనవరి పొద్దుటి పూటలే. మార్చి దాటితే నెత్తి ఉడుకుతుంది, అప్పటికి ఈక్వడార్ వాళ్లు ఆకుపోగులతో అల్లే పనామా టోపీయే గతి. అదింకో ఖర్చు. ఫెల్టు మాత్రం వేపాకులతో పెట్టెలో పెట్టాను, బొచ్చుకు పురుగు పడుతుందని.

సంక్రాంతి తర్వాత తిరుమల వెళ్లి మొక్కు తీర్చుకున్నాను. గుండుతో ఇంటికొచ్చి టోపీ పెట్టుకుంటే సరాసరి కనుబొమల మీదకు జారింది. అప్పుడు గుర్తొచ్చింది ముసలాయన వేళ్ల సైగ. పట్టీలు రెండూ చెమట పట్టీ వెనక దూర్చాను. సరిపోయింది.