ఐదు చలికాలాల వాడకం తర్వాత: ఇన్సులేటెడ్ క్యూరింగ్ దుప్పట్లు

కొత్తగా పోసిన కాంక్రీటు బలం పుంజుకునేదాకా దాని తడిని, వేడిని కాపాడటమే క్యూరింగ్. చలిలో అందుకోసం కప్పే దుప్పట్లను ఫ్యాక్టరీ, గోదాము ఫ్లోర్లపై ఐదు చలికాలాల పాటు వాడి చూశాక రాస్తున్న సమీక్ష ఇది. దుప్పటి లోపల ఫోమ్, రెండు వైపులా అల్లిన పాలిథిన్ పట్టా, అంచుల వెంట తాడు కట్టే రింగులు ఉంటాయి. వాడింది 150 నుంచి 200 మి.మీ. మందం స్లాబుల మీద. పగలు ఆరేడు డిగ్రీలు, రాత్రి సున్నా దరిదాపుల్లో ఉండే వాతావరణం. మంచి సరుకే, మళ్లీ కొంటాం. అయితే దుప్పటి కప్పితే క్యూరింగ్ అయిపోయినట్టే అనుకుంటే ఫ్లోర్ పాడవుతుంది. దుప్పటి పని వేడిని ఆపడం. తడిని ఆపడానికి వేరే ఏర్పాటు ఉండాలి.

"చల్లగా ఉంది కదా, నీళ్లు ఎక్కడ ఆరతాయి" అనే మాట సైట్లో తరచూ వినిపిస్తుంది. అది తప్పు. కాంక్రీటు 15 డిగ్రీల దగ్గర ఉండి, పైన వీచే గాలి 3 డిగ్రీల దగ్గర పొడిగా ఉంటే ఉపరితలం నుంచి నీరు ఆగకుండా పోతూనే ఉంటుంది. వేడి హీటర్ పెడితే గాలి ఇంకా పొడిబారుతుంది. అందుకే ముందు 0.1 మి.మీ. పాలిథిన్ షీటు, దాని మీద దుప్పటి. షీటు ముడతలు పడినచోట మచ్చలు వస్తాయి. రంగు ఒకేలా కావాల్సిన ఫ్లోరయితే షీటు కింద తడిపిన తెల్లటి క్యూరింగ్ గుడ్డ పరవాలి. దుప్పట్ల అతుకుల దగ్గర 300 మి.మీ. ఒకదాని మీదకు ఒకటి రావాలి, వాటి మీద ఇసుక సంచులు పడాలి. గాలికి ఒక్క అతుకు విడిపోయినా ఆ గీత వెంట కాంక్రీటు గట్టిపడటంలో వెనకబడిపోతుంది.

దుప్పట్లకు అన్నిటికంటే పనికొచ్చిన వాడకం కాంక్రీటు పోయకముందే కనిపించింది. ముందు రోజు రాత్రి గ్రావెల్ బెడ్ (స్లాబ్ కింద పరిచే కంకర పొర) మీద వాటిని పరిచి ఉంచాలి. గడ్డకట్టిన నేల మీద పోయడం సరేసరి, కేవలం చల్లగా ఉన్న నేల మీద పోసినా స్లాబ్ అడుగు భాగం ఆలస్యంగా సెట్ అవుతుంది. పైభాగం ముందే గట్టిపడినట్టు కనిపిస్తుంది. మేస్త్రి పవర్ ట్రోవెల్ (ఫ్లోర్‌ను నున్నగా చేసే యంత్రం) ఎక్కించి పైపొర మూసేస్తాడు. అడుగు నుంచి పైకి ఊరి వస్తున్న నీరు (బ్లీడింగ్), గాలి ఆ పొర కింద చిక్కుకుపోతాయి. కొన్ని వారాలకే ఫోర్క్‌లిఫ్ట్ చక్రాల కింద పలుచని పొరలు లేస్తాయి. తర్వాత ఎంత క్యూరింగ్ చేసినా ఇది సర్దుకోదు. లోపల నున్నగా ట్రోవెల్ చేసే ఫ్లోర్‌కు ఎయిర్ ఎంట్రైనింగ్ మందు (కాంక్రీటులో సన్నటి గాలి బుడగలు పుట్టించేది) కలిపినా ఇదే జబ్బు. కాంక్రీటులో గాలి 3 శాతం దాటకుండా చూసుకోవాలి.

మిక్స్ విషయం క్లుప్తంగా. 300 మి.మీ. లోపు మందం ఉన్న స్లాబులో పోసిన కాంక్రీటు కనీసం 13 డిగ్రీల దగ్గర ఉండాలని ఏసీఐ 306 (చలిలో కాంక్రీటు పనికి అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన మార్గదర్శి) చెబుతుంది. దీన్ని ప్లాంటులో వేడినీళ్లతో సాధిస్తారు. బాగా వేడిగా ఉన్న నీళ్లను ముందు కంకర, ఇసుకతో కలపాలి, ఆ తర్వాతే సిమెంటు వేయాలి. లేకపోతే సిమెంటు వెంటనే బిగుసుకుపోతుంది. సిమెంటుకు బదులు కొంత కలిపే ఫ్లైయాష్, స్లాగ్ చలిలో సెట్ కావడాన్ని ఆలస్యం చేస్తాయి, వాటి శాతం తగ్గించాలి. యాక్సిలరేటర్ (త్వరగా గట్టిపడటానికి కలిపే మందు) కావాలంటే క్లోరైడ్ లేనిదే వాడాలి, స్టీల్ ఉన్న స్లాబుకు కాల్షియం క్లోరైడ్ వద్దే వద్దు.

ఇక అంచులు. దుప్పట్లను జనం తప్పుగా వాడేది ఇక్కడే. స్లాబ్ మధ్యభాగం తన వేడిని తానే కాచుకుంటుంది. మూలకు మూడు వైపుల నుంచి చలి తగులుతుంది. అంచుల్లో, మూలల్లో మధ్యభాగం కంటే మూడింతల ఇన్సులేషన్ కావాలి. అంటే మూడు పొరలు మడిచి, ఫారం (అంచు అచ్చు పలక) బయటి వైపు నేల వరకు దించి కట్టాలి. టెంపరేచర్ సెన్సరు కూడా మూలలోనే, అంచుకు 50 మి.మీ. లోపల పెట్టాలి. మధ్యలో పెట్టిన సెన్సరు ఎప్పుడూ శుభవార్తే చెబుతుంది. కాంక్రీటుకు 3.5 ఎంపీఏ (మెగాపాస్కల్) బలం రాకముందే ఆ మూల గడ్డకడితే, లోపలి నీరు దాదాపు 9 శాతం ఉబ్బి సిమెంటు గుజ్జును చీలుస్తుంది. చివరి బలంలో సగం దాకా పోవచ్చు, తిరిగి రాదు.

"ఏడు రోజుల క్యూరింగ్" అని వర్క్ ఆర్డర్‌లో రాస్తే చాలదు, ఏ ఉష్ణోగ్రతలో ఏడు రోజులో కూడా రాయాలి. కాంక్రీటు ఎంతవరకు గట్టిపడిందో అంచనా వేసే మెచ్యూరిటీ లెక్క సులువే: కాంక్రీటు ఉష్ణోగ్రతకు 10 కలిపి, గంటలతో గుణించాలి. 20 డిగ్రీల్లో ఏడు రోజులంటే 30 × 168 = 5040. అదే కాంక్రీటు 8 డిగ్రీల్లో ఉంటే ఆ అంకె చేరడానికి 280 గంటలు, అంటే దాదాపు పన్నెండు రోజులు పడుతుంది. దుప్పటి కింద 15 డిగ్రీలు నిలబెట్టగలిగితే ఎనిమిదిన్నర రోజులు. దుప్పటికి పెట్టిన డబ్బు వసూలయ్యేది ఈ మూడు రోజుల తేడాలోనే.

జాయింట్ కటింగ్‌కు (పగుళ్లు గీత వెంటే రావడానికి స్లాబ్‌లో గాడి కోయడం) దుప్పట్లన్నీ ఒక్కసారిగా లాగేయకూడదు. కోయాల్సిన వరుస మేరకే చుట్టి, స్లాబ్ మందంలో నాలుగో వంతు లోతు కోసి, వెంటనే కప్పేయాలి. చలిలో కటింగ్ సమయం గడియారం చూసి చెప్పలేం. ఒకచోట కొద్దిగా కోసి చూడాలి, అంచు రాళ్లు ఊడుతుంటే ఆగాలి. చివరకు తీసేటప్పుడు కూడా నెమ్మది అవసరం: పలుచని స్లాబులో ఉపరితలం 24 గంటల్లో 28 డిగ్రీల కంటే ఎక్కువ చల్లబడకూడదు. మొదట అంచులు వదులు చేసి ఒక రోజు అలాగే ఉంచాలి.

దుప్పట్లకు బదులు హీటర్లు మాత్రమే పెట్టాలనుకునేవారికి ఒక హెచ్చరిక. పొగ లోపలే వదిలే హీటర్లు వద్దు. అందులోని కార్బన్ డయాక్సైడ్ తాజా కాంక్రీటులోని కాల్షియం హైడ్రాక్సైడ్‌తో కలిసి పైపొరను మెత్తగా చేస్తుంది. తర్వాత ఎన్నిసార్లు ఊడ్చినా తెల్లటి దుమ్ము లేస్తూనే ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ మనుషులకే ప్రమాదం. పొగను బయటికి పంపి, వేడిగాలిని మాత్రమే గొట్టంలో లోపలికి తెచ్చే రకం కావాలి. నీటి ఆధారిత క్యూరింగ్ కాంపౌండ్ (తడి పోకుండా పైన కొట్టే ద్రవం) కూడా సున్నా దగ్గర సరిగా పొర కట్టదు. పైగా కోటింగ్ వేయబోయే ఫ్లోర్‌కు ఆ పొర అడ్డొస్తుంది.

సరుకులో లోపాలు లేకపోలేదు. గాలి గట్టిగా వీచే సైట్లో రింగులే మొదట చిరుగుతాయి. తాళ్లతో బిగించడం కంటే బరువులు పెట్టడం మేలు. పట్టా చిరిగినచోట నీరు లోపలికి దూరితే అక్కడ వేడి ఆపడం పడిపోతుంది, ఎత్తడానికి బరువు కూడా. మడతలు పెట్టి దాచినవి మూడో చలికాలానికి మడత గీతల దగ్గర పలుచబడ్డాయి, గుండ్రంగా చుట్టి దాచినవి బాగానే ఉన్నాయి. సిమెంటు పాలు అంటిన వైపు అదే రోజు కడగాలి, లేదంటే ఆ గరుకు తర్వాతి స్లాబ్ మీద గీతలు పెడుతుంది. బొటనవేలు నొక్కితే గుర్తు పడే దశలో దుప్పటి పరిస్తే దాని అల్లిక అచ్చు ఫ్లోర్ మీద ఉండిపోతుంది.