లినక్స్ కెర్నల్ ఎస్‌కేబీ హెల్పర్లు: ఆరు నెలలు వాడి రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తాను. ప్యాకెట్ హెడర్లు (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ముక్కల ముందుండే వివరాలు) చదవడానికి, మార్చడానికి లినక్స్ కెర్నల్లో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయలో, ఉన్న సీ హెల్పర్లకు (చిన్న సహాయక ఫంక్షన్లకు) నేను ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు నన్ను తొమ్మిది రోజులు నిద్రపోనివ్వలేదు, అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నా.

నేనుండేది నల్గొండలో, పానగల్లు వైపు, ఇంటి నుంచే పని. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు హైదరాబాద్ ఆఫీసుతో వీఎక్స్‌లాన్ టన్నెల్ (ప్యాకెట్‌ను ఇంకో ప్యాకెట్లో చుట్టి పంపే దారి) ఉంది, వాళ్ల ఐపీ ఫోన్లు కూడా దాంట్లోనే నడుస్తాయి. కోతలప్పుడు వడ్ల ట్రాక్టర్లు గేటు దాకా బారులు తీరితే, కాంటా ఫోటోలు, బిల్లులు అన్నీ ఒకేసారి పోతుంటాయి, టన్నెల్ విప్పాక హైదరాబాద్ ఆఫీసు లోపలి లింకు నిండిపోయి ఫోన్లో మాట తెగేది. ఫోన్లు తమ ప్యాకెట్లకు ప్రాధాన్యం గుర్తు పెట్టడం లేదు. దారిలో ఉన్న చిన్న లినక్స్ పెట్టెలో ఒక మాడ్యూల్ (కెర్నల్‌కు అదనంగా తగిలించే కోడ్) పెట్టి, లోపలి ఐపీ హెడర్లో ప్రాధాన్యం రాసే టీఓఎస్ బైట్‌ను 0 నుంచి 184కి, అంటే మాటకు వాడే డీఎస్‌సీపీ 46 అనే ప్రాధాన్యం గుర్తుకి మార్చడం నా పని. మార్చాల్సింది ఒక్క బైట్, దాంతోపాటు చెక్‌సమ్, అంటే హెడర్ చెడలేదని చూసుకునే లెక్క.

చిక్కంతా ఆ బైట్ ఎక్కడుంది అన్న దగ్గరే. ఎస్‌కేబీలో, అంటే కెర్నల్ ప్యాకెట్‌ను పట్టుకునే నిర్మాణంలో, ప్యాకెట్ మొత్తం వరుసగా ఒకే చోట ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు. మొదట లీనియర్ భాగం (వరుసగా ఉన్న మెమరీ), తర్వాత పేజీల్లో (విడి మెమరీ దిమ్మెల్లో) ముక్కలు, మామూలు బిల్డ్‌లో 17 ముక్కల దాకా. పాయింటర్ (మెమరీ అడ్రసు) పట్టుకుని అలా ముందుకు నడుచుకుంటూ పోతే లీనియర్ భాగం అయిపోయాక మనం చదివేది మన ప్యాకెట్ కాదు, రాసేది కూడా మన ప్యాకెట్లో కాదు.

దీనికి అందరూ మొదట పట్టుకునేది ఎస్‌కేబీ_హెడర్_పాయింటర్, నేనూ అదే పట్టుకున్నా. ఆఫ్‌సెట్ (ఎన్నో బైట్ నుంచి అన్నది), పొడవు, మన స్టాక్ (ఫంక్షన్ నడిచేంతసేపే ఉండే మెమరీ) మీద ఒక చిన్న బఫర్ ఇస్తాం. అడిగిన బైట్లు లీనియర్ భాగంలోనే ఉంటే నేరుగా ప్యాకెట్లోకే పాయింటర్ ఇస్తుంది. ముక్కల్లో ఉంటే మన బఫర్‌లోకి కాపీ చేసి ఆ బఫర్ అడ్రసు ఇస్తుంది. ప్యాకెట్ అంత పొడవు లేకపోతే నల్ (ఖాళీ పాయింటర్). చదవడానికి ఇంతకంటే మంచి హెల్పర్ నేను చూడలేదు, ఇది మనస్ఫూర్తిగా చెబుతున్న మాట. పైగా తిరిగొచ్చిన విలువను పట్టించుకోకుండా వదిలేస్తే కంపైలర్ హెచ్చరిస్తుంది.

కానీ అది ఇచ్చే పాయింటర్‌కు కాన్స్ట్ (చదవడానికే, రాయొద్దు అన్న గుర్తు) లేదు. నేను దాని ద్వారా రాశాను, కంపైలర్ కిక్కురుమనలేదు. ఇంట్లో పింగ్‌తో చూస్తే గుర్తు చక్కగా మారింది, చెక్‌సమ్ సరిపోయింది, తీసుకెళ్లి మిల్లులో పెట్టి వచ్చా. రెండో రోజు మేనేజర్ ఫోన్: "అన్నా, నువ్వు పెట్టినంక గూడ ఫరకేం పడలే, మాట గట్లనే తెగుతుంది."

తొమ్మిదో రోజు రాత్రి కాగితం మీద బైట్లు కూడుతుంటే దొరికింది. మామూలు పింగ్ 98 బైట్లు, టన్నెల్ హెడర్లు 50 కలిపి 148. ఫోన్ మాట జీ.711లో (మాటను అంకెలుగా మార్చే పద్ధతి) 20 మిల్లీసెకన్లకు 160 బైట్లు, దానిమీద హెడర్లు ఆర్‌టీపీ 12, యూడీపీ 8, ఐపీ 20, ఈథర్నెట్ 14, మళ్లీ టన్నెల్ 50, మొత్తం 264. ఆ పెట్టెలో ఉన్న కార్డు డ్రైవర్ 256 బైట్ల లోపు ప్యాకెట్‌ను మొత్తంగా లీనియర్ భాగంలోకి కాపీ చేస్తుంది, అది దాటితే తనకు అర్థమైన హెడర్ల వరకే, అంటే బయటి యూడీపీ దాకానే తెచ్చి, మిగతాది పేజీలోనే వదిలేస్తుంది. ఎనిమిది బైట్ల తేడాతో మాట ప్యాకెట్లన్నీ అవతలి ఒడ్డున పడ్డాయి. వాటిలో నేను మార్చిందంతా నా స్టాక్ బఫర్‌లోని కాపీలో, ఫంక్షన్ ముగియగానే అది పోయింది, ప్యాకెట్ వచ్చినట్టే వెళ్లిపోయింది. క్రాష్ లేదు, లాగ్‌లో ఒక్క లైను లేదు.

తప్పు నాదే, ఆ హెల్పర్ చదవడానికని తెలుసుకుని వాడాల్సింది. అయినా హెల్పర్ రాసేవాళ్లు ఒక్కటి గమనించాలి: ఒకసారి అసలు, ఒకసారి కాపీ ఇచ్చే ఫంక్షన్ కాన్స్ట్ పాయింటరే ఇవ్వాలి. డీపీడీకే అనే వేరే ప్యాకెట్ లైబ్రరీలో ఇదే పని చేసే ఆర్‌టీఈ_పీకేటీఎంబఫ్_రీడ్ కాన్స్ట్ పాయింటర్ ఇస్తుంది. అక్కడైతే నా కోడ్ కంపైల్ దగ్గరే ఆగేది, తొమ్మిది రోజులు మిగిలేవి.

రాయడానికి సరైనది ఎస్‌కేబీ_ఎన్ష్యూర్_రైటబుల్. ఎన్ని బైట్ల వరకు రాయాలో చెబితే అంతవరకు లీనియర్ భాగంలోకి లాక్కొస్తుంది, ఇంకెవరైనా ఆ ప్యాకెట్‌ను క్లోన్ చేసుకుని అదే డేటాను పంచుకుంటుంటే మనకు విడిగా కాపీ చేసి పెడుతుంది. ఈ రెండోది చాలామంది మర్చిపోతారు. నాకు బయటి ఐపీ హెడర్ నుంచి లెక్కేస్తే లోపలి ఐపీ హెడర్ 50 దగ్గర మొదలై 70 దగ్గర అయిపోతుంది, అంటే 70 బైట్లు అడిగితే చాలు, ఖర్చు పెద్దగా ఉండదు. ఆప్షన్లు ఉంటే ఐపీ హెడర్ 60 బైట్ల దాకా పెరగొచ్చు కాబట్టి ముందు 20 చదివి, అందులోని పొడవు చూసి, మళ్లీ అడగాలి, బయటి హెడర్‌కైనా లోపలి దానికైనా. మెమరీ దొరక్కపోతే ఎర్రర్ వస్తుంది, ప్యాకెట్ మాత్రం మన చేతిలోనే ఉంటుంది. బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టంలో ఇలాంటి ఎం_పుల్అప్ విఫలమైతే ప్యాకెట్ ముక్కల చెయిన్ మొత్తాన్నీ విడిచేస్తుంది, అటు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ అదే అలవాటులో ప్యాకెట్‌ను మర్చిపోతే మెమరీ లీకవుతుంది.

ఎన్ష్యూర్_రైటబుల్ గానీ పీఎస్‌కేబీ_మే_పుల్ (బైట్లను లీనియర్ భాగంలోకి తెచ్చే ఇంకో హెల్పర్) గానీ పిలిచాక పాత పాయింటర్లన్నీ చచ్చినట్టే లెక్క, ఎందుకంటే లోపల డేటాను వేరే చోటికి మార్చి ఉండొచ్చు. సీలో దీన్ని గుర్తుచేసేవాళ్లు లేరు, కేఏశాన్ (మెమరీ తప్పులు పట్టే కెర్నల్ సాధనం) పెట్టి నడిపితేనే, అదీ ఆ దారిలో ప్యాకెట్ వెళ్తేనే పట్టుకుంటుంది. ఈబీపీఎఫ్‌లో (కెర్నల్లో చిన్న ప్రోగ్రాములు నడిపే ఏర్పాటు) అయితే ప్యాకెట్‌ను కదిలించే హెల్పర్ పిలిచాక పాత పాయింటర్ వాడితే వెరిఫయర్ (కోడ్‌ను ముందే తనిఖీ చేసేది) ప్రోగ్రామ్‌ను లోడే కానివ్వదు. ఆ భద్రత చూసి నిజంగా ఈర్ష్య పుట్టింది.

అందుకని ఇప్పుడు ఈ హెల్పర్లను నేరుగా వాడను, చుట్టూ రెండే ఫంక్షన్లు రాసుకున్నా. చదివేది ఎప్పుడూ కాపీయే చేస్తుంది, లోపల ఎస్‌కేబీ_కాపీ_బిట్స్, పాయింటర్ అన్నది బయటికి రానే రాదు. రాసేది ఆఫ్‌సెట్, పాత విలువ, కొత్త విలువ తీసుకుంటుంది. ముందు ఎన్ష్యూర్_రైటబుల్, తర్వాత పాయింటర్ కొత్తగా తీసుకోవడం, అక్కడ పాత విలువే ఉందా అని చూడడం, ఉంటేనే బైట్, చెక్‌సమ్ రెండూ కలిపి మార్చడం. హద్దు చూసేటప్పుడు ఆఫ్‌సెట్‌కు పొడవు కూడి పోల్చను, పెద్ద అంకె వస్తే ఆ కూడిక తిరిగి సున్నా దగ్గరికి వచ్చేస్తుంది. ముందు ఆఫ్‌సెట్ ప్యాకెట్ పొడవు దాటలేదని చూసి, ఆ పొడవులోంచి ఆఫ్‌సెట్ తీసేసి, మిగిలినదాంతో పోలుస్తా.

చెక్‌సమ్ మొదటి నుంచి లెక్కించక్కర్లేదు, 1994 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1624 అనే ఇంటర్నెట్ పత్రంలోని సూత్రం చాలు, కెర్నల్లో సీసమ్_రీప్లేస్2 అదే చేస్తుంది. టీఓఎస్ 0 నుంచి 184 అయితే చెక్‌సమ్ 184 తగ్గుతుంది, 7238 ఉంటే 7054. నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి: ఐపీ హెడర్, దాని చెక్‌సమ్ కలిపితే వచ్చే మొత్తం ఎప్పుడూ ఒకటే కాబట్టి, ఈ రెండూ కలిపి మారిస్తే బయటి యూడీపీలో చెక్‌సమ్ ఉన్నా అది చెడదు.

పరీక్ష కూడా మార్చేశా. ఒకే ప్యాకెట్‌ను 1వ బైట్ దగ్గర, 2వ బైట్ దగ్గర, అలా 70 దాకా ఒక్కోచోట విరిచి ముక్కలుగా పేర్చి, ప్రతిదాన్నీ మార్చి, ముక్కల్లేని ప్యాకెట్‌ను మార్చిన ఫలితంతో బైట్ బైట్‌కూ పోలుస్తుంది. పాత కోడ్‌ను ఇందులో వేస్తే మొదటి విరుపు దగ్గరే దొరికిపోయింది.

మిల్లులో కొత్త మాడ్యూల్ పెట్టిన సాయంత్రం మేనేజరే ఫోన్ చేసి కాంటా దగ్గర నిలబడి పావుగంట మాట్లాడాడు, వెనక ట్రాక్టర్ల మోత కూడా స్పష్టంగా వినిపించింది. ఫ్రాగ్ లిస్ట్‌తో (వేరే ఎస్‌కేబీలనే ముక్కలుగా తగిలించుకుని) వచ్చే ప్యాకెట్లకు మాత్రం ఇంకా పరీక్ష రాయలేదు, అది ఈ ఆదివారం పని.