పెద్దాపరేషన్ తర్వాత ‘నార్మల్ గ్యారంటీ’ ప్యాకేజీకి అడ్వాన్సు కట్టేవారికి జాగ్రత్త

మొదటి కాన్పు పెద్దాపరేషన్‌తో జరిగి, రెండోసారి నార్మల్ కావాలని కోరుకుంటున్న మా నల్లగొండ జిల్లా ఆడవాళ్లూ, వారి ఇంటివాళ్లూ ఏ నర్సింగ్ హోంకైనా డబ్బు కట్టేముందు నాకు జరిగింది చదవాలని కోరుతున్నాను. ఆ నర్సింగ్ హోం పేరు రాయడం లేదు.

మాది దేవరకొండ వైపు పల్లె. ఏడో నెలలో 45,000 రూపాయల ప్యాకేజీ మాట్లాడుకొని 20,000 అడ్వాన్సు కట్టాము. వాళ్లిచ్చిన కార్డు మీద ‘కోత లేని కాన్పుకు మాది గ్యారంటీ’ అని ఎర్ర అక్షరాలతో ఉంది. పాత డిశ్చార్జి కాగితాన్ని నేను బల్ల మీద పెడితే, మడత కూడా విప్పకుండా దాన్ని నా వైపు జరిపి రశీదు పుస్తకం అందుకున్నారు. అప్పుడే లేచి రావలసింది.

ఆ కాగితం ఎందుకు ముఖ్యమో తర్వాత తెలిసింది. పొట్ట మీది మచ్చను చూసి లోపల గర్భసంచి మీద కోత ఎటు పడిందో చెప్పలేరు. అది ఆపరేషన్ వివరాల్లోనే ఉంటుంది. కింది భాగంలో అడ్డంగా ఒక్కసారే కోసి ఉంటే, ప్రయత్నించినవారిలో నూటికి 60 నుంచి 80 మందికి నార్మల్ అవుతుంది, పాత కుట్టు చీలే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది. పైభాగంలో నిలువుగా కోసి ఉంటే మాత్రం ఆ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి నొప్పుల దాకా ఆగనివ్వరు. ఆపరేషన్లు పెరిగేకొద్దీ తర్వాతి కాన్పుల్లో మాయ గర్భసంచికి అతుక్కుపోయే ముప్పు పెరుగుతుంది గనుక నా కోరిక తప్పేమీ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ప్రైవేటు దవాఖానల్లో 81.5 శాతం ఆపరేషన్లే. మళ్లీ కోత తప్పదేమోనన్న భయాన్నే ఇలాంటి నర్సింగ్ హోంలు సరుకుగా అమ్ముతున్నాయి.

నొప్పులు సన్నగా మొదలై ఆగిపోయిన రాత్రి, పది గంటలకు నర్సు కాగితంలో చుట్టిన మాత్ర ముక్కను తెచ్చి, నొప్పులు పెరగడానికి వేసుకోమంది. ఏఎన్ఎంగా పనిచేసే మా వదిన ఆ మాత్ర అట్ట చూపించమని పట్టుబట్టింది. అది మిసోప్రోస్టాల్. గర్భసంచిని మరీ గట్టిగా ముడుచుకునేలా చేసి పాత కుట్టును చీల్చగలదు కాబట్టి, ముందు ఆపరేషన్ అయినవారికి నెలలు నిండాక నొప్పుల కోసం దాన్ని ఇవ్వకూడదు. ఇప్పటికిప్పుడు ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టరు ఎక్కడున్నారని వదిన అడిగింది. ‘ఫోన్ చేస్తే నల్లగొండ నుంచి వస్తారమ్మా’ అన్నారు. నల్లగొండ సుమారు 60 కిలోమీటర్లు. కుట్టు చీలితే బిడ్డకు మిగిలేది నిమిషాలే. థియేటర్ తలుపుకు తాళం వేసి ఉంది, తాళంచెవి ఉన్న మనిషి ఇంటికి వెళ్లిపోయాడు.

మా ఇష్టంతోనే వెళ్తున్నామని సంతకం పెట్టి 108లో నల్లగొండ ప్రభుత్వ దవాఖానకు వెళ్లాము. అక్కడి డ్యూటీ డాక్టరమ్మ ముందుగా పాత కాగితం చదివి, రక్తం సిద్ధం చేయించి, బిడ్డ గుండె చప్పుడు ఆగకుండా నమోదయ్యేలా పొట్టకు బెల్టు కట్టించింది. తెల్లవారుజామున చప్పుడు తగ్గడంతో ఆపరేషనే చేశారు. పాప క్షేమంగా ఉంది.

కాబట్టి మీరు ధర అడిగేముందు రాత్రి రెండు గంటలకు అక్కడ ఆపరేషన్ చేసే డాక్టరు, మత్తు డాక్టరు, రక్తం ఉంటాయా అని అడగండి, మొదటి ఆపరేషన్ కాగితం చదివించండి. రెండు కాన్పుల మధ్య 18 నెలలు దాటకపోయినా, నొప్పులకు మందు పెడతామన్నా ప్రమాదం పెరుగుతుందని గుర్తుంచుకొని మరింత నిలదీయండి. నార్మల్ గ్యారంటీ అన్న మాట ఏ నోటి నుంచి వచ్చినా డబ్బు కట్టవద్దు.

అడ్వాన్సులో 8,000 తిరిగి ఇచ్చి, మిగతాది అడ్మిషన్ ఖర్చు అన్నారు. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలన్న వైద్య మండలి నిబంధనను చెప్పి లిఖితపూర్వకంగా అడిగాక, మూడో రోజు కేసు షీట్ నకలు చేతికి వచ్చింది. అందులో గత కాన్పు వివరాలు రాయవలసిన గడి ఖాళీగా ఉంది.