బూట్ వేళ కీబోర్డు పలకకపోతే: పీఎస్/2, యూఎస్‌బీ

విండోస్ వచ్చాక చక్కగా పనిచేసే కీబోర్డు, బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే మూల ప్రోగ్రాం) వెళ్లాలని డిలీట్ మీట ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. కొత్తది కొనేముందు మీది పీఎస్/2 రకమో, యూఎస్‌బీ రకమో చూడండి.

1987లో ఐబీఎం తెచ్చిన పీఎస్/2కు ఆరు పిన్నుల గుండ్రటి ప్లగ్గు ఉంటుంది. మదర్‌బోర్డులోని కీబోర్డు కంట్రోలర్‌కే నేరుగా కలుస్తుంది కనుక బయోస్ దాన్ని తేలిగ్గా గుర్తిస్తుంది. తప్పు సాధారణంగా కంటికి కనిపించేదే: వదులైన ప్లగ్గు, వంగిన పిన్ను, ఊదా రంగు సాకెట్‌కు బదులు మౌస్‌కు చెందిన ఆకుపచ్చ సాకెట్. కంప్యూటర్ నడుస్తుండగా మాత్రం ఊడదీసి పెట్టకూడదు.

యూఎస్‌బీ వ్యవహారం అంత సూటిగా ఉండదు. విండోస్ డ్రైవర్ లేచేదాకా దాన్ని నడిపే భారం బయోస్‌దే. అక్కడ లెగసీ యూఎస్‌బీ సపోర్ట్ (విండోస్ రాకముందే యూఎస్‌బీ కీబోర్డును పనిచేయించే సెట్టింగు) ఆపి ఉన్నా, కంప్యూటర్‌ను త్వరగా లేపే ఫాస్ట్ బూట్ యూఎస్‌బీ పరికరాలను దాటవేసినా మీటలు మూగవే. సరిచేయాల్సిన సెట్టింగు బయోస్‌లో, బయోస్‌లోకి వెళ్లాల్సింది కీబోర్డుతో! హబ్ తీసేసి వెనుకవైపు యూఎస్‌బీ 2.0 పోర్టులో పెట్టి చూడండి. విండోస్ 10, 11లలో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే, యూఈఎఫ్‌ఐ (బయోస్‌కు కొత్త రూపం) ఉన్న యంత్రాల్లో ఆ సెట్టింగులకు దారి దొరుకుతుంది. విండోస్ 7 ఇన్‌స్టాలర్‌లో యూఎస్‌బీ 3.0 డ్రైవర్ లేదు. బయోస్‌లో పనిచేసిన కీబోర్డు అక్కడ ఆగిపోవచ్చు.

రోజువారీ వాడకానికి యూఎస్‌బీయే. రిపేరు బల్ల మీద మాత్రం నా ఓటు పాత పీఎస్/2కే. యూఎస్‌బీ కీబోర్డును పీఎస్/2 సాకెట్‌కు కలిపే చిన్న అడాప్టర్‌తో సరిపెడదామంటే, రెండు పద్ధతులూ తెలిసిన కీబోర్డుకే అది పనికొస్తుంది.